ఆ మూడు వేల కోట్లలో మన వాటా ఎంత?

ప్రశ్న: మాస్టారూ, మాది విజయవాడ సత్యనారాయణపురం. ఇంట్లో మిషన్ కుడతాను. మా ఆయనది ఆటోనగర్‌లో పని. మొత్తం నాలుగు ఫోన్లు. మా ఇద్దరివీ, ఇంటర్ చదివే మా వాడిదీ టచ్ ఫోన్లు, అత్తగారిది బటన్ల ఫోను. మొన్న మా మరిది వచ్చినప్పుడు రీఛార్జుల దగ్గర మాట వచ్చింది. కంపెనీల ఆగడాలకి ఆమధ్య మూడు వేల కోట్లు జరిమానా వేశారని చదివాను, ఇంకా వేస్తే గానీ దారికి రారు అన్నాను. ‘ఆ జరిమానా ఎవరు కట్టారనుకున్నావ్ వదినా? మనమే. వేసిన ప్రతిసారీ మన రీఛార్జులోనే కలుపుతారు’ అన్నాడు. ఆ డబ్బు ఎక్కడికి పోయింది? మాలాంటి వాళ్లకి ఒక్క రూపాయైనా వచ్చిందా? మా మరిది మాట నిజమేనా? మేం ఏం చేస్తే మాకు కాస్త కలిసొస్తుంది?

జవాబు: అమ్మా, మీ చేతికి రూపాయి రాలేదు. రాదు కూడా. అలాగని మీ మరిది గెలిచాడనుకోకండి, అతని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మూడు వేల కోట్ల కథ పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలన్నిటికీ జవాబు అందులోనే ఉంది.

2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది. ఆధార్ పట్టుకుని సిమ్ము కోసం జనం కట్టిన క్యూలు మీకూ గుర్తుండే ఉంటాయి. సిమ్ము వచ్చింది, నెట్ వచ్చింది. కానీ దాంట్లోంచి వేరే కంపెనీ నంబరుకి కొడితే కాల్ కలిసేది కాదు. ఒక కంపెనీ కాల్ ఇంకో కంపెనీలోకి దిగాలంటే రెండిటి మధ్యా దారులు ఉండాలి, వాటిని ఇంటర్‌కనెక్షన్ పాయింట్లు అంటారు. ప్రకాశం బ్యారేజీ మీద ఒక్క వరుస మాత్రం వదిలి మిగతాదంతా మూసేశారనుకోండి. గుంటూరు వైపు నుంచి వచ్చే బండ్లన్నీ సీతానగరం దగ్గరే నిలిచిపోతాయి. పాత కంపెనీలు చాలినన్ని దారులు ఇవ్వలేదనీ, నూటికి 75 కాల్స్ పోతున్నాయనీ జియో గోల పెట్టింది. నిబంధన ప్రకారం ఆ దారుల్లో రద్దీ వల్ల ఆగిపోయే కాల్స్ వెయ్యికి అయిదు మించకూడదు.

ఫోను కంపెనీలకి నిబంధనలు పెట్టే సంస్థ ట్రాయ్, ఆ అక్టోబరులోనే గట్టిగా తేల్చింది. ఎయిర్‌టెల్‌కి 1,050 కోట్లు, వొడాఫోన్‌కి 1,050 కోట్లు, ఐడియాకి 950 కోట్లు, వెరసి 3,050 కోట్లు జరిమానా వేయమని టెలికం శాఖకి సిఫార్సు చేసింది. సర్కిల్‌కి, అంటే ఫోను సేవల కోసం దేశాన్ని విడగొట్టిన ఒక్కో ప్రాంతానికి, 50 కోట్ల లెక్కన. మీరు చదివింది ఇదే అయ్యుంటుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. సిఫార్సు 2016లో అయితే నోటీసులు వెళ్లింది 2021లో. ఈ అయిదేళ్లలో ఏం జరిగిందో చూడండి. వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టులో ఒకటైపోయాయి. అందుకని వాళ్లిద్దరి జరిమానాలూ కలిపి ఒకే కంపెనీకి 2,000 కోట్ల నోటీసు వెళ్లింది. కాల్ కలవనివ్వట్లేదని మొరపెట్టుకున్న కంపెనీ దేశంలోకెల్లా పెద్దదైపోయింది. నోటీసు అందగానే ఎయిర్‌టెల్ సవాలు చేస్తామంది. ఇంతలో ఎయిర్‌సెల్ దివాలా తీసింది, టాటా డొకోమో, టెలినార్ కనుమరుగయ్యాయి. 2016లో ఫోను కలవక విసుక్కున్న మనిషి 2021లో అసలు ఏ సిమ్ము వాడుతున్నాడో!

వ్యాపారాల్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ దగ్గరికీ వెళ్లింది ఆ గొడవ. 2017లో కమిషన్ విచారణకి ఆదేశిస్తే బొంబాయి హైకోర్టు కొట్టేసింది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ముందు ట్రాయ్ సాంకేతిక సంగతులు తేల్చాలి, ఆ తర్వాతే కమిషన్ చెయ్యి పెట్టాలి అంది. న్యాయంగా చూస్తే సబబే. కానీ రెండు ఆఫీసుల మధ్య ఫైలు తిరుగుతుంటే మన ఫోను మాత్రం మోగుతూనే ఉండాలి కదా.

సరే, జరిమానా మొత్తం కట్టేశారనే అనుకుందాం. ఎవరికి కడతారు? సర్కారుకి. కాంపిటీషన్ కమిషన్ వేసే జరిమానాలైతే చట్టంలోనే రాసి పెట్టారు, అవి కేంద్రం సంచిత నిధికి జమ అవుతాయి. రోడ్లకీ, జీతాలకీ, అప్పుల వడ్డీలకీ పోయే డబ్బు అదే. ‘ఫోను కలవని చందాదారులు’ అని విడిగా ఒక ఖాతా అక్కడ ఉండదు.

పోనీ, ఏ మహానుభావుడో పంచిపెట్టాడనుకుందాం. మన దేశంలో మొబైల్ కనెక్షన్లు ఇంచుమించు 115 కోట్లు. 3,050 కోట్లని భాగిస్తే ఒక్కో కనెక్షనుకి 27 రూపాయలు కూడా రావు. మీ ఇంటి నాలుగు ఫోన్లకీ కలిపి 106 రూపాయలు. అదీ ఒక్కసారి, అయిదేళ్లు ఆగాక.

దీని పక్కన ఇంకో లెక్క పెట్టండి. 2024 జులై మొదటివారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ రేట్లు పెంచాయి. రోజుకి ఒకటిన్నర జీబీ వచ్చే జియో ప్లాన్ 239 నుంచి 299 అయింది. అది 28 రోజులకి. ఏడాదికి 12 నెలలే గానీ 28 రోజులవి 13 వస్తాయి. 299 చొప్పున 13 సార్లంటే 3,887. నెలకోసారైతే 3,588. ఇలాంటి ప్లాన్ మీ మూడు టచ్ ఫోన్లకీ వేస్తుంటే ఆ పదమూడో రీఛార్జుకే మీ ఇంట్లోంచి ఏటా 897 రూపాయలు పోతున్నాయి. దీనికి ఎవరూ జరిమానా వేయలేదు. వేయాల్సిన నేరం కూడా కాదు, ప్లాన్ మీద రాసే ఉంటుంది.

ఇంత చెప్పి జరిమానాలు దండగ అంటానేమో అనుకునేరు. అననమ్మా. పటమట రైతుబజార్లో తూకంలో మోసం చేసినవాడికి తూనికలు కొలతల వాళ్లు జరిమానా రాశారనుకోండి. నిన్న మీకు తక్కువ పడిన పావుకిలో వంకాయలు తిరిగి రావు. కానీ మర్నాడు కాటా సరిగ్గా నిలబడుతుంది, పక్క దుకాణం వాడు కూడా రాళ్లు మార్చుకుంటాడు. జరిమానాతో మనకొచ్చే లాభం ఆ మర్నాటి తూకమే. మరి జరిమానా రాసిన అయిదేళ్లకి రసీదు చేతికిస్తే? అప్పటికి వాడు కాటాయే మార్చేశాడు, మీరు ఆ బజారుకే వెళ్లడం మానేశారు.

2016లో మనకి పనికొచ్చింది ఆ 3,050 కోట్ల అంకె కాదు. ట్రాయ్ షోకాజ్ నోటీసులు ఇచ్చి మెడ మీద కూర్చోవడంతో కంపెనీలు వారాల్లో దారులు పెంచడం మొదలెట్టాయి, కాల్స్ కలిశాయి. కొత్తవాడు బజార్లో నిలబడ్డాడు. జీబీ రెండొందలకి పైగా పెట్టి కొన్న మనం రోజుకో జీబీ ఖర్చు పెట్టడం నేర్చుకుంది ఆ తర్వాతే. జరిమానా వేశారన్న వార్త ఎప్పుడు కనబడినా నేను అంకె దగ్గర ఆగను. కిందికి వెళ్లి, దాంతోపాటు ఏం చేయమన్నారో, ఎన్నాళ్లలో చేయమన్నారో చూస్తాను. అది లేకపోతే పేపరు మడిచేస్తాను.

ఇక మీ మరిది. అతని వాదం వినడానికి గట్టిగానే ఉంటుంది, కానీ బేరం అలా నడవదు. మీ వీధి చివర ఇడ్లీ బండి వాడికి మునిసిపాలిటీ వాళ్లు అయిదొందలు జరిమానా వేశారనుకోండి. మర్నాడు ప్లేటుకి అయిదు రూపాయలు పెంచగలడా? పెంచితే మీరు పక్క బండికి పోతారు. పెంచినా మీరు పోరని వాడికి తెలిస్తే, జరిమానా పడేదాకా ఆగేవాడే కాదు, ఎప్పుడో పెంచేసి ఉండేవాడు. కట్టేసిన జరిమానా పోయిన డబ్బు. రేపటి ధర పక్క బండిని బట్టి ఉంటుంది. అందుకని ‘జరిమానా వేస్తే మనమీదే పడుతుంది’ అన్నది వేయొద్దనడానికి కారణం కాదు. పక్క బండి లేకపోవడమే అసలు జబ్బు.

అయితే మీ మరిది చెప్పినదాంట్లో, అతనికి కూడా తెలియని ఒక నిజం ఉంది. దెబ్బ మరీ పెద్దదై, పక్క బండి వాడే పడిపోతే? 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఏజీఆర్ తీర్పు ఇచ్చింది. కంపెనీ లైసెన్సు ఫీజుని ఏ ఆదాయం మీద లెక్కగట్టాలో, దాన్నే ఏజీఆర్ అంటారు. ఆ తీర్పుతో పడ్డ భారం పోటీని దెబ్బతీసినందుకు వేసిన జరిమానా కాదు, లైసెన్సు ఫీజు బకాయిలూ వాటి మీద వడ్డీలూ పెనాల్టీలూ. వొడాఫోన్ ఐడియా ఒక్కదాని మీదే టెలికం శాఖ లెక్క 58,254 కోట్లు. ఆ డిసెంబరులోనే మూడు కంపెనీలూ రేట్లు పెంచాయి. ఇదొక్కటే కారణమని చెప్పను, అంతకు ముందు మూడేళ్లు పోటీలో రేట్లు బాగా దిగిపోయాయి, ఎప్పుడో ఒకప్పుడు పెంచాల్సిందే. కానీ ఆ కంపెనీ ఆ బకాయిల కింద నలిగి, చివరికి ప్రభుత్వమే రావాల్సిన డబ్బుకి బదులు వాటాలు తీసుకోవాల్సి వచ్చింది. 2023లో మూడో వంతు, 2025లో దాదాపు సగం. వసూలు చేయాల్సినవాడే వాటాదారు అయ్యాడు! బజార్లో ఆ బండి కూడా బతకాలని సర్కారుకీ తెలుసు మరి.

మరి ముగ్గురూ ఒకే వారంలో రేట్లు పెంచితే అది కుమ్మక్కు కాదా అని మీరు అడగలేదు గానీ అడుగుతారు. 2024 జూన్ 27న జియో ప్రకటించింది, మర్నాడు మిగతా ఇద్దరూ ప్రకటించారు. చట్టం కళ్లకి ఇదొక్కటే చాలదు. ఒకడు పెంచాడని చూసి ఇంకొకడు పెంచడం వేరు, ముందే కూడబలుక్కుని పెంచడం వేరు. బెజవాడలో ఇడ్లీ బండ్లన్నీ కొబ్బరికాయ పిరమైన వారంలోనే రేటు మారుస్తాయి, వాళ్లేం మీటింగు పెట్టుకోలేదు కదా. మాట్లాడుకున్నట్టు రుజువు దొరకాలి. దొరికితే మాత్రం మామూలుగా ఉండదు. కుమ్మక్కైన ఒక్కో ఏడాదికీ ఆ ఏటి లాభానికి మూడు రెట్ల దాకా, లేదా ఆ ఏటి టర్నోవరులో పది శాతం దాకా, ఏది ఎక్కువైతే అది వేయొచ్చు. 2024 మార్చి నుంచి ఈ లెక్క కంపెనీ ప్రపంచమంతటా చేసే వ్యాపారం మీద కట్టొచ్చు కూడా.

బయటి దేశాల్లో ఫోను కంపెనీలు కుమ్మక్కై దొరికిన కథలు రెండు చెబుతాను, మీ పదమూడో రీఛార్జుకి వాటితో పని ఉంది.

ఫ్రాన్సులో 2005 చివర్లో మూడు ఫోను కంపెనీలకి కలిపి 53.4 కోట్ల యూరోలు జరిమానా పడింది. ఒకరి లెక్కలు ఒకరికి చూపించుకుంటూ, మార్కెట్టుని పంచుకున్నారని. పెద్ద జరిమానా. అక్కడి వినియోగదారుల సంఘం ఒకటి పన్నెండు వేల మందికి పైగా చందాదారులతో, మా నష్టం మాకిప్పించండి అని కోర్టుకి వెళ్లింది. అలా జనాన్ని పోగుచేసి కేసు వేయడం చెల్లదని కోర్టులు కొట్టేశాయి. ఒక్కరికీ పైసా రాలేదు. ధరలు నిజంగా కుప్పకూలింది ఎప్పుడంటే, 2012 జనవరిలో ఫ్రీ అనే నాలుగో కంపెనీ రెండు యూరోల ప్లాన్‌తో దిగినప్పుడు. జరిమానా పడ్డ ఆరేళ్లకి!

రెండోది ఇటలీ కథ. ఇది మీ ఇంటి కథే అనుకోండి. అక్కడా కంపెనీలు నెల బిల్లుల్ని 28 రోజుల బిల్లులు చేసేశాయి. పన్నెండు బిల్లులు పదమూడయ్యాయి. జనం గొడవ చేస్తే 2017లో ఏకంగా పార్లమెంటే చట్టం చేసింది, నెలకే బిల్లు వేయాలని. కంపెనీలు ‘చిత్తం’ అన్నాయి. నెల బిల్లులకి మారుతూ ఒక్కో బిల్లునీ 8.6 శాతం పెంచేశాయి. ఏడాది మొత్తం మీద జనం కట్టేది అంతే ఉండిపోయింది! అందరూ అదే శాతం ఎలా పెంచారని అక్కడి పోటీ కమిషన్ తవ్వి, 2020 జనవరిలో నాలుగు కంపెనీలకి 22.8 కోట్ల యూరోలు వేసింది. 2021లో కోర్టు ఆ జరిమానా కొట్టేసింది.

కానీ ఇంకో గదిలో ఇంకో పని జరిగింది. అక్కడి ట్రాయ్ లాంటి సంస్థ జరిమానాతో ఆగకుండా, ల్యాండ్‌లైను, ఇంటి ఇంటర్నెట్టు వాడేవాళ్లకి ఆ 28 రోజుల బిల్లుల్లో ఎన్ని రోజులు పోయాయో అన్నీ లెక్కగట్టి బిల్లులో వెనక్కివ్వండి అంది. కంపెనీలు దీని మీదా కోర్టుకెక్కాయి, ఓడిపోయాయి. కోట్ల యూరోల జరిమానా గాలికి పోయింది, బిల్లులో కొన్ని రోజుల తగ్గింపు మాత్రం మామూలు మనిషికి అందింది. నన్నడిగితే మన ట్రాయ్ గోడకి ఈ కథ రాసి అంటించాలి.

మన దగ్గర అలాంటిది ప్రయత్నించలేదా? ఒకసారి ప్రయత్నించారు. కాల్ మధ్యలో తెగిపోతే చందాదారుకి రూపాయి ఇవ్వాలి, రోజుకి మూడు రూపాయలు మించకుండా, 2016 జనవరి 1 నుంచి, అని ట్రాయ్ రూలు తెచ్చింది. డబ్బు సర్కారుకి కాదు, నేరుగా మీ బ్యాలెన్సుకి. ఆ మే 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాల్ తెగడంలో కంపెనీ తప్పు ఎంతో చూడకుండా అందరికీ ఒకే వాత పెట్టడం సహేతుకం కాదని. తీర్పులో న్యాయం లేకపోలేదు. కానీ ఆ రూపాయి రాకుండా పోయినందుకు నాకు ఇప్పటికీ కడుపులో మంటే.

కాంపిటీషన్ చట్టంలో నష్టపరిహారం అడిగే దారి ఒకటి ఉంది. కమిషన్ ముందు తప్పు రుజువయ్యాక అప్పిలేట్ ట్రిబ్యునల్‌కి వెళ్లి మా నష్టం ఇప్పించమని అడగొచ్చు, పదిమంది కలిసి కూడా. అసలు కమిషన్‌కి ఫిర్యాదు చేయడానికే ఒక మనిషికి 5,000 రూపాయలు ఫీజు. 897 రూపాయల కోసం ఆ పని చేయమని మీకు చెప్పను. అది సంఘాలు చేయాల్సిన పని, కంపెనీలు కంపెనీల మీద చేసుకునే పని.

ఇక మీరేం చేయాలి.

మా అమ్మ గుంటూరు బ్రాడీపేటలో ఉన్నప్పటి సంగతి చెబుతాను. ఆవిడదీ బటన్ల ఫోనే. ఎవరైనా ఫోన్ చేస్తే ‘ట్రింగ్’ బదులు సినిమా పాట వినిపించడం మొదలైంది. ఆవిడకి తెలీదు, చేసినవాళ్లు నవ్వుకున్నారు. బ్యాలెన్సులోంచి రోజుకి మూడు రూపాయలు పోతున్నాయి. నేను కనిపెట్టేసరికి పద్నాలుగు రోజులు, 42 రూపాయలు. కస్టమర్ కేర్‌కి కొడితే ‘మీరే ఏదో నొక్కారండీ’ అని ఒకటే పాట, అదీ కాలర్ ట్యూన్ లాగే. ఫోన్ పెట్టేసే ముందు డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, అడిగి గోడ క్యాలెండరులో ఏకాదశి పక్కన పెన్సిలుతో రాసుకున్నాను. వారం చూశాను, కదలిక లేదు. ఆ నంబరు వేసి, అప్పీళ్లు చూసే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి మెయిల్ పెట్టాను. నెల తిరక్కుండా 42 రూపాయలూ వెనక్కొచ్చాయి. అమ్మ ఆ డబ్బుతో ఏం చేసిందో తెలుసా? మా పిన్నికి గంటసేపు ఫోన్ చేసి ఈ కథంతా చెప్పింది.

ఆ దారి మీకూ ఉంది. కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి చేసి ఫిర్యాదు ఇవ్వండి, డాకెట్ నంబరు లేకుండా ఫోన్ పెట్టకండి. వాళ్లు తేల్చింది నచ్చకపోతే 30 రోజుల్లోపు అప్పీలు చేయాలి, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. అడగకుండా అంటగట్టిన పాటలూ జోకులూ ఆపాలంటే స్టాప్ అని ఇంగ్లిషులో కొట్టి 155223కి పంపితే చాలు. అప్పటికీ లొంగకపోతే కన్జ్యూమర్ కోర్టు ఉంది, అది విజయవాడలోనూ గుంటూరులోనూ ఉంది. ఒకప్పుడు ఫోను కేసులు ఇక్కడ చెల్లవని కంపెనీలు 2009 నాటి తీర్పు ఒకటి చూపించి తప్పించుకునేవి. నెలకి అయిదొందల చిల్లర బిల్లు వచ్చే అహ్మదాబాద్ మనిషికి 2013లో ఒక్కసారిగా 24,609 రూపాయల బిల్లు వేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2022 ఫిబ్రవరిలో ఫోను చందాదారు కూడా వినియోగదారుడే, రావచ్చు అని తేలిపోయింది. అయిదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, వకీలు ఉండి తీరాలనీ లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఒక ఫోన్ కొట్టి చూడండి, చాలా గొడవలు అక్కడే తెగుతాయి.

అన్నిటికన్నా ముందు మీ ప్లాన్లు చూసుకోండి. 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశం మీద ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటీ, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాన్ ఒకటీ పెట్టాలి. ఉన్నాయి. కానీ ఇటలీ కథ మర్చిపోకండి, పేరు చూసి మురిసిపోకుండా ధరని రోజులతో భాగించండి. మీ అబ్బాయి చేత చేయించండి, ఇంటర్ లెక్కలకి అదీ ఒక అభ్యాసం. అత్తగారి ఫోనుకి నెట్ ఎందుకు? 2024 డిసెంబరులో ట్రాయ్ చెప్పాక మాటలూ ఎస్సెమ్మెస్‌లూ మాత్రమే ఉండే ప్లాన్లు వచ్చాయి. యాప్‌లో పైకి కనబడవు, కిందిదాకా జరపాలి. షాపులో అడిగితే ‘అలాంటివి లేవమ్మా’ అనొచ్చు, ఉన్నాయి.

అప్పటికీ కిట్టకపోతే మారిపోండి. 2024 జులైలో రేట్లు పెరిగిన ఆ ఒక్క నెలలోనే బీఎస్ఎన్ఎల్‌కి 29 లక్షల మంది అదనంగా చేరారు, మూడు ప్రైవేటు కంపెనీలకీ చందాదారులు తగ్గారు. అందులో కొందరు సిగ్నలు చాలక వెనక్కి వెళ్లారు, అది వేరే సంగతి. కానీ కంపెనీ మేనేజరు ప్రతి నెలా చూసే అంకె అదే, అయిదేళ్లనాటి జరిమానా నోటీసు కాదు.

మారాలంటే ఇంగ్లిషులో పోర్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, మీ నంబరు కొట్టి 1900కి పంపండి. రీఛార్జ్ అయిపోయినా ఈ ఎస్సెమ్మెస్ వెళ్లనివ్వాలని 2021 డిసెంబరులోనే ఆదేశం ఉంది, వెళ్లట్లేదంటే ఫిర్యాదు చేయండి. వచ్చిన కోడ్ నాలుగు రోజులు పనిచేస్తుంది. ఆంధ్ర, తెలంగాణ రెండూ ఒకే సర్కిల్ కాబట్టి హైదరాబాదులో తీసుకున్న నంబరైనా మూడు పనిదినాల్లో మారాలి. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. పాత బ్యాలెన్సు, మిగిలిన రోజులు కొత్తచోటికి రావు, అందుకని వ్యాలిడిటీ అయిపోవచ్చే వారంలో పెట్టుకోండి. ముందు ఒకటే అత్తగారిది మార్చి చూడండి, నాలుగూ ఒకేసారి వద్దు. సత్యనారాయణపురం సందుల్లో ఒక ఇంట్లో వచ్చే సిగ్నలు పక్కింట్లో రాదు. ఆ కంపెనీ సిమ్ము వాడే పక్కింటావిడని మీ వంటగదిలోకి పిలిచి, స్టవ్ దగ్గర నిలబెట్టి ఒక ఫోన్ చేయించండి.

మారే రోజు కాసేపు సిమ్ము రెండు వైపులా పనిచేయదు. అత్తగారికి పింఛను వస్తుంటే ఒకటో తేదీన మాత్రం పెట్టుకోకండి. సచివాలయం వాళ్లు ఇంటికొచ్చే ముందు ఆ నంబరుకే ఫోన్ చేయొచ్చు.